అమ్మ మెడ నొప్పికి పది లైన్లు, నాన్న షుగర్‌కి ఒక్క లైను

ప్రశ్న: మాది గూడూరు. నేను చెన్నై షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకి 51 ఏళ్లు. జలుబు, దగ్గు, జ్వరం వచ్చి తగ్గిన మూడు వారాలకి మెడ ముందు భాగంలో నొప్పి మొదలైంది. చెవి దాకా పోటు, గుండె దడ, చేతుల వణుకు. టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 3.1, ఈఎస్‌ఆర్ 78. మెడ స్కాన్‌లో కుడివైపు 9 మిల్లీమీటర్ల గడ్డ, టైరాడ్స్ 3 అని రాశారు. కార్బిమజోల్ మొదలుపెట్టారు. వైరస్ వల్ల థైరాయిడ్ చెడిందని, అలా చెడితే క్యాన్సర్‌కి దారి తీస్తుందని చుట్టాలు భయపెడుతున్నారు. చెల్లికి 27, పీసీఓడీ ఉంది, నాలుగు నెలలకోసారి పీరియడ్స్ వస్తాయి. నాన్నకి 58, ఈమధ్యే షుగర్ వచ్చింది, ఏడు కిలోలు తగ్గారు, మందులు వాడుతున్నారు. హార్మోన్ జబ్బులకీ క్యాన్సర్‌కీ వైరస్‌కీ నిజంగా సంబంధం ఉందా?

సమాధానం:

మీ ప్రశ్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నేను చెన్నైలో ఇరవై రెండేళ్లుగా హార్మోన్ జబ్బులు చూస్తున్న డాక్టర్‌ని. మాదీ నెల్లూరు వైపే. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది తెల్లవారుజామున రైలెక్కి సెంట్రల్‌లో దిగి, పరగడుపున రక్తం ఇచ్చి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లేవాళ్లే. అమ్మగారి గురించి అంత వివరంగా రాశారు, నాన్నగారి గురించి ఒక్క వాక్యం రాశారు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ ఒక్క వాక్యమే. అక్కడికి వస్తాను. ముందు అమ్మగారి సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ ఒక మందు అనవసరంగా నడుస్తోందేమోనని నా అనుమానం.

జలుబు, జ్వరం తగ్గిన కొన్ని వారాలకి మెడ నొప్పి, అది దవడకీ చెవికీ పాకడం, ఒంట్లో వాపుని చూపే ఈఎస్‌ఆర్ అంత పెరగడం, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే పడిపోయే టీఎస్‌హెచ్ అడుగంటడం, ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే మాకు ముందుగా తట్టేది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్, అంటే థైరాయిడ్ గ్రంథికి నొప్పితో వచ్చే వాపు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లో దీన్ని వివరంగా రాశారు కాబట్టి ఆయన పేరుతోనూ పిలుస్తారు. గవదబిళ్లలు, ఫ్లూ, మామూలు జలుబు వైరస్‌ల తర్వాత ఇది రావడం ఎప్పటినుంచో చూస్తున్నదే. కోవిడ్ తర్వాత వచ్చిన మొదటి కేసుని 2020లో ఇటలీలోని పీసా డాక్టర్లు ప్రచురించారు. ఆ తర్వాత మేమందరం చాలా చూశాం.

ఆ నొప్పి ఎలా ఉంటుందో ఒకామెను చూసి నేర్చుకున్నాను. సూళ్లూరుపేట నుంచి వచ్చింది. కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ కుడిచేత్తో నల్లపూసల గొలుసుని మెడకి తగలకుండా ముందుకి లాగి పట్టుకునే మాట్లాడుతోంది. ఎందుకమ్మా అలా పట్టుకున్నావంటే, "తగిలితే ప్రాణం పోతోంది సార్, తీసేయమంటే మా అత్తమ్మ ఒప్పుకోదు" అంది. పంటి నొప్పి అనుకుని అప్పటికే ఒక పన్ను పీకించుకుంది. చెవికి చుక్కల మందు కూడా వాడింది. మెడ మీద వేలు ఆనించగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ అమ్మగారు కూడా గొలుసు తీసి పక్కన పెట్టారేమో, జాకెట్టు మెడ దగ్గర వదులు చేసుకుంటున్నారేమో ఒకసారి అడగండి.

ఇక్కడ జరిగేది ఏమిటంటే, థైరాయిడ్ గ్రంథి రెండు మూడు నెలలకి సరిపడా హార్మోన్‌ని లోపల దాచుకుని ఉంటుంది. వైరస్ తర్వాత వచ్చిన వాపుకి ఆ దాచుకున్నది ఒక్కసారిగా రక్తంలోకి కారిపోతుంది. దడ, వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం అందువల్లే. గ్రంథి కొత్తగా ఎక్కువ తయారు చేయడం లేదు. కార్బిమజోల్ చేసే పని కొత్తగా తయారయ్యేదాన్ని ఆపడం. గాదె పగిలి ధాన్యం కారిపోతుంటే పొలంలో కోత ఆపి ఏం లాభం? గ్రేవ్స్ జబ్బుకి అది మంచి మందు, ఎందుకంటే అక్కడ నిజంగానే తయారీ ఎక్కువ. ఈ రెండింటినీ విడదీయడానికి టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఇచ్చి తీసే థైరాయిడ్ స్కాన్ ఉంది. గ్రేవ్స్‌లో గ్రంథి ఆ మందుని బాగా పీల్చుకుని వెలిగిపోతుంది, థైరాయిడైటిస్‌లో దాదాపు ఏమీ పీల్చదు.

మందు మీ అంతట మీరు ఆపేయమని నేను చెప్పను, అమ్మగారిని కళ్లారా చూసింది ఆ మందు రాసిన డాక్టర్, నేను కాదు. కానీ రేపే ఆ డాక్టర్ గారికి ఫోన్ చేసి, "ఇది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ కావచ్చా, స్కాన్ చేయించమంటారా" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. ఆ మాత్ర వాడుతున్నన్నాళ్లూ జ్వరం గానీ, గొంతు నొప్పి గానీ, నోట్లో పుళ్లు గానీ వస్తే ఆ పూటే మాత్ర ఆపి తెల్ల రక్తకణాల లెక్క చూపించుకోవాలి. చాలా అరుదుగా ఈ మందు ఆ కణాల్ని బాగా పడగొట్టేస్తుంది.

సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అని తేలితే వైద్యం తేలిక. దడకి ప్రొప్రనొలాల్, ఆస్తమా లేకపోతేనే. నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటి మాత్ర, దానికి లొంగకపోతే కొన్ని వారాలు ప్రెడ్నిసొలోన్. స్టిరాయిడ్ మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది, అది కూడా మాకు ఒక సాక్ష్యమే. తర్వాత నిల్వ ఖాళీ అయ్యి టీఎస్‌హెచ్ పైకి ఎక్కే దశ ఒకటి వస్తుంది. అప్పుడు నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం ఉండొచ్చు. "మొన్న ఎక్కువన్నారు, ఇప్పుడు తక్కువంటున్నారు, ఈ ల్యాబ్ మంచిది కాదు" అని జనం ల్యాబులు మార్చేది ఈ దశలోనే. ల్యాబ్ తప్పేమీ లేదు, జబ్బు నడక అంతే. నాలుగైదు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే సరిపోతుంది. ఎక్కువమందికి కొన్ని నెలల్లో గ్రంథి మామూలుగా అయిపోతుంది. వందలో అయిదు నుంచి పదిహేను మందికి థైరాక్సిన్ మాత్ర శాశ్వతంగా మిగులుతుంది. ఇంకో మాట, జుట్టు ఊడుతోందని అమ్మగారు బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపించండి. అవి కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా, టీ4ని లేనిపోని ఎక్కువగా చూపిస్తాయి.

మీ చుట్టాల భయం సంగతి. వైరస్ తర్వాత వచ్చిన ఈ వాపు క్యాన్సర్‌గా మారదు. ఇది నేను ధైర్యంగా చెప్పగలను. చాలామంది దీన్ని హషిమోటోతో కలిపేస్తారు. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో రాసిన ఆ జబ్బు వేరు. అది ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద ఏళ్ల తరబడి చేసే దాడి. దానికి థైరాయిడ్ లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్‌తో సంబంధం ఉన్న మాట నిజమే. కానీ ఆ లింఫోమా ఎంత అరుదంటే, హషిమోటో ఉన్న లక్షల మంది ఆ భయం లేకుండా నిశ్చింతగా బతకొచ్చు. మెడ ఉన్నట్టుండి వారాల్లో ఉబ్బిపోతే మాత్రం ఆగకుండా చూపించుకోవాలి.

ఇక ఆ 9 మిల్లీమీటర్ల గడ్డ. పెద్దవాళ్ల మెడ మీద అల్ట్రాసౌండ్ పెడితే సగం మందిలో ఏదో ఒక గడ్డ కనిపిస్తుంది. అలా కనిపించిన వాటిలో క్యాన్సర్ అయ్యేవి వందకి అయిదు నుంచి పది. వాటిలో కూడా ఎక్కువ భాగం పాపిల్లరీ రకం, వైద్యానికి బాగా లొంగేది. టైరాడ్స్ అనేది గడ్డ రూపాన్ని బట్టి ఇచ్చే మార్కు. అమెరికన్ రేడియాలజీ కాలేజీ 2017లో పెట్టిన లెక్క ప్రకారం 3 వచ్చిన గడ్డకి సూది పరీక్ష చేయాలంటే అది రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి, మళ్లీ స్కాన్‌తో గమనించడానికైనా ఒకటిన్నర ఉండాలి. మీ అమ్మగారిది ఒక సెంటీమీటరు కూడా లేదు. పైగా వాపు మీద ఉన్న థైరాయిడ్‌లో నల్లటి మచ్చలు గడ్డల్లా కనిపించి మోసం చేస్తాయి. నొప్పి అంతా తగ్గి నాలుగు నెలలు గడిచాక మళ్లీ స్కాన్ తీయిస్తే చాలాసార్లు ఆ గడ్డే ఉండదు. గొంతు బొంగురుపోయినా, గడ్డ రాయిలా గట్టిగా ఉన్నా, పక్కన బిళ్లలు తగిలినా, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా లెక్క మారుతుంది. అవేవీ మీరు రాయలేదు.

గడ్డ కనిపించిన ప్రతివాళ్లూ ఆపరేషన్‌కి పరుగెత్తితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. అక్కడ హెల్త్ చెకప్‌లలో మెడ స్కాన్ కూడా చేర్చారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని ముద్రపడ్డవాళ్లు 15 రెట్లు అయ్యారు. చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటే కదిలించకపోతే జీవితాంతం ఊరుకునే గడ్డల కోసం అంతమంది గ్రంథి తీయించుకుని రోజూ మాత్ర మింగుతున్నారు. ఇక్కడ కూడా హెల్త్ చెకప్ ప్యాకేజీలో వచ్చిన మెడ స్కాన్ పట్టుకుని, నిద్రలేని ముఖంతో వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

చెల్లెలి గురించి క్లుప్తంగా చెప్తాను. పీసీఓడీలో అండం సరిగా విడుదల కాక ప్రొజెస్టరాన్ తయారవదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరకి క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే రెండు మూడు రెట్లు. 27 ఏళ్లలో అసలు అవకాశమే చాలా తక్కువ కాబట్టి ఆ పిల్లకి క్యాన్సర్ అనే మాట వినిపించకండి. కానీ నాలుగు నెలలకోసారి అనేది సరిపోదు. కనీసం మూడు నెలలకి ఒకసారైనా ఆ పొర రాలిపోవాలి, దానికి ప్రొజెస్టరాన్ మాత్రలున్నాయి. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు నాన్నగారు.

58 ఏళ్లు. ఈమధ్యే షుగర్. ఏడు కిలోలు తగ్గారు. ఆ బరువు మందు వేసుకోకముందు తగ్గిందా, వేసుకున్నాక తగ్గిందా మీరు రాయలేదు. ఆయన లావుగా ఉండేవారా, వాళ్లింట్లో షుగర్ ఉందా, అదీ రాయలేదు. మామూలుగా టైప్ 2 షుగర్ మొదలయ్యేది బరువు పెరిగే ఒంట్లో. బరువు తగ్గుతున్న మనిషికి యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చిందంటే నేను పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచీ అడుగుతాను. ఎందుకంటే కొన్నిసార్లు షుగర్ అసలు జబ్బు కాదు, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ వేసుకున్న వేషం.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు, అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచర్ గారు వచ్చారు. కొత్త షుగర్. మందులిచ్చాను, తిండి మార్చమన్నాను. నెలకి వచ్చారు, నాలుగు కిలోలు తగ్గారు. "భేష్ మాస్టారూ" అన్నాను. ఆయన కూడా సంతోషించారు, ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్లు దూర్చి ఎంత వదులైందో చూపించారు. ఆకలి లేదని, తిన్నాక నడుం పైభాగంలో ఏదో లాగుతోందని వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పారు. గ్యాస్ అన్నాను. మరో రెండు నెలలకి పచ్చటి కళ్లతో వచ్చారు. అప్పటికి చేయగలిగింది చాలా కొద్ది. ఆ గుమ్మం దగ్గర మాటని నేను ఈ రోజు వరకూ మర్చిపోలేదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు, లెక్క చెప్తాను. యాభై దాటి కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు వంద మంది ఉంటే, మూడేళ్లలో పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడేది సుమారు ఒక్కరికి. మిగతా తొంభై తొమ్మిది మందికి కాదు. కానీ బరువు తగ్గడం, ఆకలి పోవడం, పొట్ట పైభాగం నుంచి వీపులోకి నొప్పి, జిడ్డుగా తేలే విరేచనం, ఇంట్లో ఎవరికీ లేని షుగర్ ఒక్కసారిగా ఎగబాకడం, ఇవి తోడైతే ఆ ఒక్కరయ్యే అవకాశం పెరుగుతుంది. షుగర్ బాగా ఎక్కువైనా బరువు తగ్గుతారు, క్షయ ఉన్నా తగ్గుతారు, అమ్మగారిలా థైరాయిడ్ ఎక్కువైనా తగ్గుతారు. మన దక్షిణాది వాళ్లలో పాంక్రియాస్‌లో రాళ్లు పడి వచ్చే షుగర్ కూడా ఉంది. వీటిలో ఏదో తేల్చుకోవాలి గానీ "పొట్ట తగ్గింది, మంచిదే" అని ఊరుకోకూడదు.

అందుకు చేయాల్సింది కాంట్రాస్ట్‌తో, అంటే రంగు మందు ఎక్కించి తీసే పాంక్రియాస్ సీటీ స్కాన్. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లో గాలి అడ్డొచ్చి పాంక్రియాస్ సగం కనిపించదు, "నార్మల్" అని వచ్చినా నేను నమ్మను. ఈ క్యాన్సర్ కోసం చూసే సీఏ 19-9 రక్తపరీక్ష ఒక్కటే చేయించి నిశ్చింతగా ఉండడమూ కుదరదు. తొలిదశలో అది మామూలుగానే ఉండొచ్చు, మామూలు కామెర్లలో కూడా పెరగొచ్చు.

మీరడిగిన మూడింటి సంబంధం అసలు ఎక్కడుందంటే, అది అమ్మగారి మెడలో లేదు, లివర్‌లో ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి లివర్ క్యాన్సర్ అవకాశం సుమారు రెండింతలు. కొవ్వు పట్టిన లివర్ దాన్ని పెంచుతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు విడిగానే లివర్ క్యాన్సర్ తెస్తాయి. పైగా హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో షుగర్ కూడా ఎక్కువగా వస్తుంది. ఇక్కడ మూడు దారులూ ఒకే చోట కలుస్తాయి, మూడింటినీ మనం అడ్డుకోగలం. సి వైరస్‌కి ఇప్పుడు ఎక్కువమందికి మూడు నెలల మాత్రలు చాలు, వందలో తొంభై అయిదు మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఒకప్పుడు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు థైరాయిడ్‌ని చెడగొట్టేవి, ఆ బాధ కూడా పోయింది. బి వైరస్‌కి టీకా ఉంది, క్యాన్సర్‌ని ఆపిన మొదటి టీకా అదే. కాబట్టి నాన్నగారికి ఈ బి, సి వైరస్‌లని పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ రక్తపరీక్షలు ఒక్కసారి చేయించండి. బి లేదని తేలితే ఆయనకీ మీకూ టీకా మూడు డోసులు వేయించుకోండి: ఇప్పుడొకటి, నెలకొకటి, ఆరో నెలలో ఒకటి.

లావుకీ క్యాన్సర్‌కీ ముడి ఉన్న మాట కూడా నిజమే. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు ఒంట్లో అధిక కొవ్వుతో ముడిపడ్డ క్యాన్సర్లు 13 అని తేల్చారు. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో పాంక్రియాస్ మరింత ఇన్సులిన్ పోస్తుంది. ఇన్సులిన్ చక్కెరని దింపడమే కాదు, కణాల్ని పెరగమని కూడా చెప్తుంది. ఇది విని "అయితే ఇన్సులిన్ ఇంజెక్షన్ వద్దు" అని సూదులు పారేసినవాళ్లని చూశాను. అది పెద్ద పొరపాటు. 12,537 మంది మీద ఆరేళ్లకు పైగా నడిచిన ఆరిజిన్ అధ్యయనంలో గ్లార్జిన్ ఇన్సులిన్ వేసుకున్నవాళ్లకి క్యాన్సర్లు ఎక్కువ రాలేదు. నాన్నగారికి ఎప్పుడైనా ఇన్సులిన్ అవసరమని చెప్తే వెనకాడొద్దు. 2021లో షుగర్ అదుపు తప్పినవాళ్లు, స్టిరాయిడ్లు ఎక్కువ పడ్డవాళ్లు కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకోవడం చూశాం. ఆ రోజుల్ని తలుచుకుంటే షుగర్‌ని అదుపులో పెట్టే ఏ మందునీ నేను కాదనను.

కాబట్టి వరస మార్చండి. అమ్మగారికి రేపు ఒక ఫోను, ఈ వారంలో టెక్నీషియం స్కాన్, నాలుగు నెలల తర్వాత మెడ స్కాన్. అక్కడ అంతకు మించి తొందర లేదు. నాన్నగారిని ఈ శనివారమే చెన్నై రమ్మనండి. ఎండోక్రైనాలజిస్టు గానీ గ్యాస్ట్రో డాక్టర్ గానీ, ఎవరు ముందు దొరికితే వాళ్లకి చూపించండి. మూడు నెలల సగటు షుగర్ చూపే పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులన్నీ, పోయినేడు బరువెంతో తెలిసే ఏ కాగితమైనా తెమ్మనండి. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష ముందుగా గూడూరులోనే చేయించి రిపోర్టు చేతిలో పెట్టుకోండి, కాంట్రాస్ట్ ఇవ్వాలన్నా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రెండు రోజులు ఆపాలా వద్దా తేల్చాలన్నా వాళ్లు మొదట అడిగేది అదే. ఈలోగా కళ్లు పచ్చబడ్డా, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా, ఒళ్లంతా దురద మొదలైనా శనివారం దాకా ఆగొద్దు.

తిన్నాక నడుం పైభాగంలో నొప్పి వస్తోందా అని ఆయన్ని మీరే స్వయంగా అడగండి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. మన నాన్నలు ఆ మాట గుమ్మం దగ్గరే చెప్తారు. సీటీ రిపోర్టు వచ్చాక ఏం రాశారో నాకు రాయండి, చూసి చెప్తాను.